పిల్లల సంకల్పం ఎవరు చెప్పాలి?

విజయదశమికి మన గుడిలో అక్షరాభ్యాసాలు జరుగుతాయి. పసివాళ్ళ చెయ్యి పట్టుకుని మనమే అక్షరాలు దిద్దిస్తాం. మరి నడవడిక కూడా అలాగే చెయ్యి పట్టి దిద్దించగలమా?

ఇక్కడ బ్రిటన్‌లో ప్రైమరీ స్కూలు టీచర్లు, క్లాసులో కుదురు లేని పిల్లలకి 'బిహేవియర్ టార్గెట్' పెడుతుంటారు. మా ఏడేళ్ళవాడికీ పెట్టారు. "మంచిగా ఉండాలి" అన్నదే ఆ టార్గెట్. నేను రెండాకులు ఎక్కువ చదివినవాణ్ణి కదా! "అల్లరి చేయకూడదు" అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. వారం తిరగకుండానే వాడు "నేను చెడ్డవాణ్ణి కదా నాన్నా?" అన్నాడు. మనసు కలుక్కుమంది. 'మంచిగా' అంటే ఏం చెయ్యాలో మేమెవరం వాడికి చెప్పలేదు.

పూజకి కూర్చున్నప్పుడు మనం "మంచి పని చేస్తాను" అని ఊరుకోం. దేశం, కాలం, గోత్రం, పేరు అన్నీ చెప్పి ఫలానా పూజ చేస్తానంటాం. పిల్లల టార్గెట్ కూడా అంత స్పష్టంగా ఉండాలి. "లెక్కల క్లాసులో చెయ్యెత్తి, టీచరు పిలిచాక మాట్లాడతాను" అంటే ఏం మానాలో కాదు, ఏం చెయ్యాలో తెలుస్తుంది. చేశాడో లేదో వాడే చెప్పగలడు. ఒకసారికి అలాంటిది ఒక్కటి చాలు.

మరి బహుమతుల సంగతి? 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు వెయ్యడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్నాళ్ళకి మిగతావాళ్ళకంటే వాళ్ళే బొమ్మలు వెయ్యడం తగ్గించారు. ముందు చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ ఇష్టం తగ్గలేదు. అంటే మెచ్చుకోవడం తప్పు కాదు, బేరం పెట్టడమే తప్పు.

సంకల్పం చివర 'కరిష్యే' అంటాం. పని ఫలం చేసేవాడికే చెందేటప్పుడు సంస్కృతంలో వాడే రూపమది. ఇతరుల కోసం చేసేటప్పుడు 'కరిష్యామి' అనాలి. నిజం చెప్పాలంటే, ఆ కాగితం నేను అంటించింది మావాడి కోసం కాదు, నలుగురిలో నా పరువు కోసం!

తరువాత టీచరుగారితో కలిసి కూర్చుని, మాట వాడినే చెప్పనిచ్చాం. చెయ్యెత్తే మాట వాడిదే. నేనూ ఒకటి రాసుకున్నాను: "వాడు మాట్లాడుతుంటే ఫోన్ పక్కన పెడతాను." ఇప్పుడు రెండు కాగితాలూ ఫ్రిజ్ మీద పక్కపక్కనే ఉన్నాయి. నా దాంట్లో టిక్కు పెట్టేది వాడే. పోయిన వారం నాకు వచ్చినవి రెండే.