పూడిక తీసినవాడికి పుణ్యముందా?

మా ఊరి చెరువు మరవ పారిన ఏడాది గంగమ్మకు పూజ చేయించేది నేనే. ఈ మధ్య అలాంటి ఏళ్లు తగ్గిపోయాయి. మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "సామీ, చెరువు తవ్విచ్చినోడికి పుణ్యం అంటారు గదా, మరి పూడిక తీసినోడికి?"

మంచి ప్రశ్నే. సప్తసంతానాల్లో చెరువు ఒకటి, కన్నకొడుకుతో సమానం. అయితే కని వదిలేసినవాణ్ణి తండ్రి అనం కదా!

మా కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ శాసనం జలదానం మహిమ చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడగొట్టే దోషాలు ఆరు అని లెక్క కట్టింది. కట్ట ఊటెత్తడం, చవుడు నేల, నీళ్లు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, ఇలా. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటమూ దోషమే. మనుషుల తగాదాలు ఆనాడే తెలుసు! అంగాల్లో రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. నాకు వచ్చింది మంత్రమే, ఆ శాస్త్రం రాదు.

ఆ ఆరింటిలో లేని దోషం మా ఊళ్లో ఉంది. వంక నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువలో సగం సర్కారు కంప. మిగతా సగం దున్ని శనక్కాయ వేశారు. దున్నినాయనే గంగమ్మ గుడికి ఇత్తడి గంట చేయించాడు. గంట పుణ్యంతో కాలువ పాపం చెల్లుతుందా? చెల్లదు. దాహం పదిమందిది, గంట మీద పేరు ఒక్కరిది.

పూర్వులు పుణ్యాన్నే నమ్ముకుని కూర్చోలేదు. చెరువు బాగోగులు చూసేవాడికి దశబంధం కింద మాన్యం రాసిచ్చారు. ధర్మం నిలవాలంటే పనివాడి కడుపు నిండాలని వాళ్లకు తెలుసు. పూడిక తీసినవాడికి పుణ్యమూ ఉంది, కూలీ కూడా ఇవ్వాలి.

అందుకే గుడికి రంగులేయాలని చందా పుస్తకం పట్టుకొచ్చే పెద్దలకు నా మనవి: ఆ డబ్బుతో ముందు జేసీబీ బాడుగ కట్టండి, కాలువ తెరిపించండి. సంకల్పంలో మీ అందరి గోత్రనామాలూ నేను చెబుతాను.