నాన్న మిగిల్చిన పని

మా నాన్నకు మగపిల్లలు లేరు. అక్కా నేనూ ఇద్దరమే. కొండపల్లి బొమ్మల కాలనీలో ఆయన చేతిపని గురించి ఎంత మెచ్చుకున్నా, చివర్న అందరూ ఒక మాట తగిలించేవాళ్లు: "పాపం, కొడుకు లేడు." మా నాయనమ్మ అయితే ఏ పండగా వదిలేది కాదు. "ఒరేయ్, తమ్ముడి రెండోవాణ్ణి తెచ్చి పెంచుకోరా, రేపు తలకొరివికి దిక్కుండాలి కదా" అనేది. నాన్న ఉలి దించకుండానే "ఇద్దరున్నారుగా అమ్మా" అనేవాడు. ఆవిడ మమ్మల్ని లెక్కలోకి తీసుకోదని తెలిసీ ప్రతిసారీ అదే జవాబు చెప్పేవాడు.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నాయనమ్మ మాట మాత్రం చిన్నప్పటి నుంచీ నాతోనే ఉంది. కొడుకు లేనివాడికి నిజంగానే గతి లేదా? ఆ మాట శాస్త్రం అన్నదా, మనం అన్నామా?

శాస్త్రం అన్నది. అది ఒప్పుకునే మొదలుపెట్టాలి. తండ్రిని పున్నామ నరకం నుంచి దాటించేవాడు కొడుకని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్పష్టంగానే ఉంది. అయితే దానికి కాస్త ముందే, కొడుకు తనతో సమానమనీ కూతురు కొడుకుతో సమానమనీ ఉంది. పున్నామం మాట చెప్పిన వెంటనే వచ్చే శ్లోకంలో, కొడుకు కొడుక్కీ కూతురి కొడుక్కీ లోకంలో తేడా లేదనీ, కూతురి కొడుకూ తాతను దాటిస్తాడనీ ఉంది. ఒకే అధ్యాయం, దగ్గరదగ్గరగా ఉన్న శ్లోకాలు. వాటిలో ఒక్కటి మాత్రమే మన అరుగుల దాకా వచ్చింది. మిగతావి గ్రంథంలోనే ఉండిపోయాయి. ఎందుకు ఉండిపోయాయో ఊహించడం కష్టం కాదు. పొలం, ఇల్లు, ఇంటిపేరు ఎవరి చేతికి వెళ్లాలన్నది ముందే తేల్చుకున్నవాళ్లకు ఆ ఒక్క శ్లోకం చాలు.

ఇంకా పాత కథ ఒకటి ఉంది. కాటిసీనులో పద్యాలు పాడే హరిశ్చంద్రుణ్ణి మన వైపు ఎరగనివాళ్లు లేరు. ఐతరేయ బ్రాహ్మణంలో కనిపించే హరిశ్చంద్రుడి కథ వేరు. నూరుగురు భార్యలున్నా ఆయనకు కొడుకు లేడు. కొడుకు వల్ల ఒరిగేదేమిటని నారదుణ్ణి అడుగుతాడు. నారదుడు పది శ్లోకాల్లో బదులిస్తాడు. కొడుకు పరమాకాశంలో వెలుగట, కూతురు దుఃఖమట. ఆ మాట చదివినప్పుడు పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచి చూస్తే అసలు కథ అక్కడి నుంచే మొదలైంది.

కొడుకు పుడితే వాణ్ణే నీకు బలిస్తానని రాజు వరుణుడికి మొక్కుకుంటాడు. రోహితుడు పుడతాడు. వరుణుడు వచ్చి అడుగుతాడు. పది రోజులు వెళ్లనీ అంటాడు రాజు. తర్వాత పళ్లు రానీ, పాలపళ్లు ఊడనీ, మళ్లీ పళ్లు రానీ, కవచం తొడిగే ఈడు రానీ అంటాడు. దేవుడితో అలా వాయిదాలు వేసే తండ్రి మీద నాకు కోపం రాదు. చివరికి సంగతి తెలిసి కొడుకు విల్లు పట్టుకుని అడవిలోకి పారిపోతాడు. అక్కడ ఆకలితో మాడుతున్న అజీగర్తుడనే బ్రాహ్మడు కనిపిస్తాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి, చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి. రోహితుడికి బదులు బలి కావడానికి నడిమివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోతాడు. యూపస్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఇంకో నూరు ఆవులిస్తే నేనే కడతానంటాడు తండ్రి. నరకడానికి మరో నూరు పుచ్చుకుని కత్తి నూరుతూ వస్తాడు.

పిల్లవాడు దేవతల్ని స్తుతించి కట్లు తెంచుకుంటాడు. వెళ్లి విశ్వామిత్రుడి ఒళ్లో కూర్చుంటాడు. నా కొడుకుని నాకియ్యమని అజీగర్తుడు అడిగితే విశ్వామిత్రుడు ఇవ్వడు, పిల్లవాడూ వెళ్లడు. విశ్వామిత్రుడు వాడికి దేవరాతుడని పేరు పెట్టి, తన నూట ఒక్కమంది కొడుకుల్లో పెద్దవాడి స్థానం ఇస్తాడు. యాభై ఒక్కమంది ఒప్పుకుంటారు. పెద్దవాళ్లు యాభైమంది ఒప్పుకోరు. మీ సంతానం పొలిమేరల పాలవుతుందని తండ్రి వాళ్లను శపిస్తాడు. అలా పొలిమేరల పాలైనవాళ్ల పేర్లలో మొదటిది ఆంధ్రులు. తర్వాత పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. ఆంధ్రుల గురించి మనకు దొరికిన అన్నిటికంటే పాత ప్రస్తావన ఇదేనని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం గానీ, అది ఏ సందర్భంలో వచ్చిందో క్లాసులో చెప్పుకోలేదు. కొడుకంటే ఎవరు అన్న తగువులో వచ్చింది మన పేరు. కన్న తండ్రి కత్తి పట్టుకుని నిలబడ్డాడు, కనని తండ్రి ఒళ్లో చోటిచ్చాడు. ఆ చోటు ఒప్పుకోనివాళ్లుగా మన పూర్వుల్ని లెక్కవేసింది ఆ గ్రంథం. ఆ శాపం నిజమో కాదో నాకు ముఖ్యం కాదు. కొడుకు కావాలనుకునేవాళ్లు ఈ కథ చెప్పించుకోవాలని కూడా అక్కడే ఉంది. విన్నవాళ్లు ఏం విన్నారో!

నాన్న పోయే నాటికి ఇంట్లో దశావతారాల సెట్టు సగంలో ఉంది. సంక్రాంతి బొమ్మల కొలువు కోసం ఒప్పుకున్న పని. తెల్లపొణికి కర్ర ఆరబెట్టి, మొండేలన్నీ చెక్కేశాడు. చేతులు మాత్రం కొన్నే అయ్యాయి. మా బొమ్మలకు చేతులు, ఆయుధాలు విడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరితే వచ్చే ముద్ద అది. అతుకు మీద వేలితో మెత్తి, ఆరాక ఆకురాయితో రుద్ది, సుద్ద పూత పూస్తే చెయ్యి ఎక్కడ అతికారో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కాలనీలో చెక్కుడు మగవాళ్లదనీ రంగులు ఆడవాళ్లవనీ వాడుక. ముక్తర్షి అనే ముని నుంచి వచ్చిన విద్యగా చెప్పుకునేటప్పుడు తండ్రి కొడుక్కి ఇచ్చాడనే చెబుతారు. సుద్ద పూసి, రంగులేసి, కళ్లు దిద్దే అమ్మల పేర్లు ఆ వరసలో ఉండవు.

కర్మకాండ బాబాయి కొడుకు చేశాడు. పెద్దలు అలా నిర్ణయించారు, అతనూ శ్రద్ధగానే చేశాడు, అతని మీద నాకే ఫిర్యాదూ లేదు. పెద్దకర్మ అయిన మర్నాడు అక్క నాన్న ఉలి తీసుకుని పీట మీద కూర్చుంది. బలరాముడి నాగలి పట్టిన చెయ్యి రెండుసార్లు పాడైంది, మూడోది కుదిరింది. అమ్మ మక్కు నూరింది. నేను ఆకురాయి పట్టాను. పండగ లోపల సెట్టు చేరాల్సిన ఇంటికి చేరింది.

బృహదారణ్యకోపనిషత్తు ఒకటో అధ్యాయంలో ఒక ఘట్టం ఉంది. ప్రాణం పోతుందనుకున్న తండ్రి కొడుకుని దగ్గరికి పిలిచి తన చదువు, యజ్ఞం, లోకం అన్నీ నువ్వేనని అప్పగిస్తాడు. కొడుకు అవునని అందుకుంటాడు. తండ్రి చేయకుండా మిగిల్చింది ఏదైనా ఉంటే దాని నుంచి కొడుకు ఆయన్ని విడిపిస్తాడట. అక్కడ చెప్పింది ఆ విడుదల గురించి. నరకం ఊసే లేదు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది. మనిషి చచ్చిపోయేటప్పుడు ఆయన్ని పట్టి ఉంచేది చేయాల్సిన పని, ఇచ్చిన మాట, తీర్చని అప్పు. దాన్ని ఎత్తుకున్నవారే ఆయన్ని దాటిస్తారు. అదే ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో, పండితురాలైన కూతురు కావాలనుకునే దంపతులు నువ్వులన్నం వండుకుని నేతితో తినాలని ఉంది. పిల్లల్ని కోరుకోకుండా భిక్షకు వెళ్లిన జ్ఞానుల సంగతీ ఉంది. ఒక్క గ్రంథంలోనే ఇన్ని దారులున్నాయి. గతి ఒక్కటే దారిన ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను.

కొడుకులున్నా ఏమవుతుందో రామాయణం చెప్పనే చెప్పింది. పుత్రకామేష్టి చేసి నలుగురిని కన్న దశరథుడు ప్రాణం విడిచేటప్పుడు పక్కన ఒక్కడు లేడు. ఇద్దరు అడవిలో, ఇద్దరు కేకయంలో. భరతుడు వచ్చేదాకా శరీరాన్ని నూనె తొట్టెలో ఉంచారు. మా వైపు ఇప్పుడు ఫ్రీజర్ బాక్సు. డాలస్ నుంచో సిడ్నీ నుంచో అబ్బాయి దిగాలి. పక్కవీధిలో ఉండి, పక్కమీద నుంచి లేవలేని తల్లికి నెలల తరబడి అన్నం తినిపించిన కూతురు, బాక్సు పక్కన కుర్చీలో కూర్చుని తమ్ముడి ఫ్లయిటు ఎక్కడుందో ఫోనులో చూస్తుంటుంది. దూరాన ఉన్న కొడుకుల్ని నేను తప్పు పట్టను, వాళ్లకూ గుండె తరుక్కుపోతూనే ఉంటుంది. ఎదుట ఉన్న చేతిని కాదని ఎదురుచూడమనే ఆచారాన్నే తప్పు పడతాను. తండ్రికి నిప్పు పెట్టలేకపోయిన రాముడు జటాయువుకు పెట్టాడు. గోదావరికి వెళ్లి ఆ పక్షికి నీళ్లు వదిలాడు. ఏ గోత్రమని అడిగి వదిలాడు?

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు అక్కా నేనూ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమానికి వెళ్లాం. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు అంతకుముందు ఏడాదే అక్కడ కృష్ణలో కలిశాయి. పురోహితుడు మా వెనక మగవాళ్ల కోసం చూసి, ఎవరూ లేరని తెలిశాక "కూర్చోండమ్మా, పేర్లు చెప్పండి" అన్నాడు. నాన్నకు, తాతకు, నాయనమ్మకు నువ్వులు, నీళ్లు వదిలాం. చివర్న తడిబట్ట అంచు పిండమన్నాడు. ఆ నీళ్లు ఎవరికని అడిగితే, వంశంలో కొడుకులు లేకుండా పోయినవాళ్లకని చెప్పాడు. తర్పణం విధిలోనే ఉందట. మాఘ శుద్ధ అష్టమినాడు సంతానం లేని భీష్ముడికి అందరూ తర్పణం వదలాలని కూడా ఆయనే గుర్తుచేశాడు. గతి లేనివాళ్లంటూ ఎవరూ ఉండకూడదని విధి రాసినవాళ్లే ఏర్పాటు చేశారన్న మాట. నాయనమ్మకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడకు అన్ని రాత్రుల దిగులు తప్పేది.

ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. 2005లో దేశమంతా వచ్చింది. కూతురి హక్కు పుట్టుకతోనే ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత నడిచాక కూడా స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ఉండాల్సి వస్తున్నదంటే, ఆస్తి ఒక్కటే కాదు, నాయనమ్మ భయం కూడా ఇంకా ఇళ్లల్లో ఉన్నట్టే. ఆ భయాన్ని తీర్చాల్సింది కోర్టు కాదు. మంత్రం చెప్పేవాళ్లు, పెద్దమనుషులు, ఇంట్లో వయసు మళ్లిన ఆడవాళ్లం తీర్చాలి.

నాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరికీ కాగితం మీద రాసిచ్చాను. నేను పోయిన రోజు ఊళ్లో ఎవరుంటే వాళ్లే కొరివి పెట్టాలి, ఇద్దరూ లేకపోతే అక్క కూతురు పెడుతుంది, ఆ పిల్ల ఒప్పుకుంది. ఎవరి కోసమూ ఆపకూడదు. కాలనీలో రంగులేసిన ఆడవాళ్ల పేర్లు, ఎవరు ఏ బొమ్మకు పేరుపడ్డారో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. ఇంకా చాలా ఇళ్లు మిగిలాయి. అది పూర్తి చేయమని కూడా అదే కాగితంలో రాశాను.