పాత చిరునామా అబద్ధమా?

భద్రాచలంలో ఒక చిన్న లాడ్జి వెబ్‌సైట్ ఉందనుకుందాం. చిరునామాలో ఇంకా ‘ఖమ్మం జిల్లా’ అనే ఉంది. రాసిననాడు అది నిజమే. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అక్షరం మారకుండానే మాట తప్పయింది.

మరి ఇది అబద్ధమా, అశ్రద్ధా?

భద్రాచలం దగ్గర నేల కదలకుండానే సరిహద్దులు కదిలాయి. 2014లో పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, ఆనుకునే ఉన్న ఎటపాకను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఇక లాడ్జి పేజీలో ‘రైల్వేస్టేషన్ దగ్గరే’ అన్న మాట ఉంటే మరీ చేటు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, భద్రాచలం రామాలయానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరాన. పిల్లాపాపలతో అర్ధరాత్రి దిగిన యాత్రికుడికి ఆ దూరం చిన్నదేం కాదు.

అబద్ధమా, అశ్రద్ధా అన్న ప్రశ్నకు యోగశాస్త్రంలో ఒక జవాబుంది. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన యమాలనే నియమాలలో అహింస తర్వాతిది సత్యం. దాన్ని వివరిస్తూ ఆ సూత్రాల వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం మాటకు మూడు దోషాలు చెప్పింది: వంచన, భ్రాంతి, ఎదుటివాడికి అర్థం కాకపోవడం. అంటే తెలియక చెప్పిన తప్పూ దోషమే. దాచిన అద్దె మొదటిది, పాత ఫోన్ నంబరు రెండోది. ఫోన్‌లో తెరుచుకోని పేజీని మూడోదానిలో చేర్చడం న్యాయమే.

అందుకే శ్రీరామనవమికి యాత్రికులు వచ్చే ముందు లాడ్జి యజమానులు తమ పేజీని తామే ఫోన్‌లో తెరవాలి. అందులోని నంబరుకు ఒక్కసారి ఫోన్ చేసి చూడాలి.