మోసే భుజాలు ఎన్ని?

కోరుకొండ నుండి రాజమండ్రి వెళ్ళే బస్సులో ఒకరోజు నా ముందు సీటులో కూర్చున్న ఇల్లాలు, పక్కనున్నామెతో, "ఎన్నాళ్ళని మొయ్యమంటావు వదినా?" అంది. ఆమె భర్తకు క్షయ. ఒకసారి తగ్గి తిరగబెట్టింది. ఇప్పుడు మామూలు మందులకు లొంగడం లేదట. వెనుక సీటులోని పెద్దమనిషి అందుకుని, "ఇలాంటి రోగాలు కుటుంబానికే కాదమ్మా, సమాజానికీ భారమే" అన్నారు.

ఇద్దరూ చెప్పింది భారం గురించే. కాని ఆమె మోస్తూ అంది, ఆయన చూస్తూ అన్నారు.

ఆ ఇల్లాలికి మనం సహనం గురించి బోధించనక్కరలేదు. కూలి పోయింది, అప్పు పెరిగింది, చుట్టాలు గుమ్మం తొక్కడం మానేశారు. ఆమె భారం నిజమైనదే. ఆలోచించవలసింది, ఆ భారం ఎక్కడ నుండి వచ్చింది, ఎవరు మోయాలి అని.

ఒకప్పుడు క్షయకు మందే లేదు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ వారి క్షయ ఆసుపత్రి ఉన్న చోటు పేరు విశ్రాంతిపురం. ఆనాటి వైద్యమంతా ఆ పేరులోనే ఉంది: విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. అదొక్కటే వాడితే కొద్ది నెలలకే క్రిములు దానికి లొంగడం మానేశాయి. అందుకే మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. ఇంట్లో ఉండి మందులు వాడిన పేదలకూ, శానిటోరియంలో ఉన్నవారికీ దాదాపు సమానంగా నయమవుతుందని 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన తేల్చింది.

మరి మొండి క్షయ ఎలా పుడుతుంది? మామూలు క్షయకు ఆరు నెలలు మందు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. ఇంతలో ఊడ్పులు వస్తాయి, పనికి పోకపోతే పొయ్యి వెలగదు. ఎవరైనా చూస్తారేమోనని ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గు. మందు ఆగిపోతుంది. చావక మిగిలిన గట్టి క్రిములు పెరుగుతాయి. అవి మరొకరికి అంటితే, ఏ పొరపాటూ చేయని ఆ మనిషికి మొదటి రోజు నుండే మామూలు మందు పనిచేయదు. మొండితనం క్రిమిదే. దానికి చోటిచ్చింది మాత్రం ఆకలి, సిగ్గు, మన నిర్లక్ష్యం.

కుష్ఠును చూడండి. దానికి బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసింది. అయినా కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరే వీలు మన చట్టాలలో 2019 వరకు ఉంది. క్రిమి ముందు లొంగింది, మన భయం చాలా ఆలస్యంగా లొంగింది.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. మన తప్పు ఉంటేనే మోయాలా? ఎవరి తప్పూ లేని, ఎన్నటికీ నయంకాని జబ్బు మాటేమిటి? పసితనంలో మనల్ని ఎత్తుకున్నవారు, వీడు ముందు ముందు ఏమిస్తాడని లెక్క వేసుకుని ఎత్తుకోలేదు. నయమవుతాడన్న ఆశ మందు ఇవ్వడానికి కారణం కావచ్చు. మనిషిని దగ్గరకు తీయడానికి అది షరతు కాకూడదు.

మొండి క్షయకు కూడా ఆరు నెలల మాత్రల వైద్యాన్ని 2024లో మన దేశంలో ఆమోదించారు. క్షయ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే సాయం అదే ఏడాది నవంబరులో నెలకు 500 నుండి 1,000 రూపాయలకు పెరిగింది. మందు ఉంది. పక్కన నిలబడే మనిషి కావాలి.

మన ఊళ్ళలో ఎంత పేదవాడు పోయినా మోయడానికి నలుగురు వస్తారు. ఆ నలుగురూ కాస్త ముందు రాకూడదా? ఒకరు మాత్ర వేసుకున్నాడా అని రోజూ అడగడానికి, ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్ళడానికి, ఒకరు కాసిని బియ్యం ఇవ్వడానికి, ఒకరు కోలుకున్నాక మళ్ళీ పనిలోకి పిలవడానికి. అప్పుడు బస్సులో ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉంటుంది.