స్కెచ్ పుస్తకాలు పదిమందిలో తెరుద్దాం

చిత్రకారుడు ప్రదర్శనకు పెట్టిన బొమ్మ చూడటం ఒక ఎత్తు, అతని స్కెచ్ పుస్తకం తిరగేయడం ఒక ఎత్తు. చెరిపి మళ్లీ గీసిన గీతలు, సగంలో ఆగిన ముఖాలు, పేజీ అంచున రంగు సరిచూసుకున్న మరకలు. బొమ్మ ఎలా పుట్టిందో అక్కడే తెలుస్తుంది.

అమెరికాలో 2006లో మొదలైన స్కెచ్‌బుక్ ప్రాజెక్ట్ ఖాళీ పుస్తకాలు పంపి, నింపి తిరిగి పంపమని అడిగింది. అలా చేరిన వేల పుస్తకాలను బ్రూక్లిన్‌లో ఎవరైనా తీసి చూసేలా ఉంచింది. 2007లో మొదలైన అర్బన్ స్కెచర్స్ వాళ్ల పద్ధతి ఇంకా సులువు. కలిసి కూర్చుని గీస్తారు, చివర్లో పుస్తకాలన్నీ నేలమీద పక్కపక్కనే పరుస్తారు. ఆ అలవాటు హైదరాబాద్‌కూ వచ్చింది.

మన నేలకొండపల్లికీ రావాలని నా కోరిక. భక్త రామదాసు పుట్టిన ఊరు, విరాటరాజు కోటగా జనం చెప్పుకునే దిబ్బలున్న ఊరు. గీయడానికి కొదవేముంది? ఇటుకల బౌద్ధ స్తూపాన్నే తీసుకోండి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే ఇటుక వరసల మధ్య సన్నటి నీడలు తేలతాయి. బడిపిల్ల ఒక్కో ఇటుకా గీస్తుంది. డ్రాయింగ్ మాస్టారు నీడతోనే దాని గుండ్రం పట్టుకుంటారు. పక్క పొలం రైతు చుట్టూ మొలిచిన గడ్డినీ, మేసే మేకలనూ వదలడు. మూడూ కలిపి చూస్తేనే స్తూపం పూర్తిగా కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

మొదలుపెట్టడానికి గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు, పుస్తకాలు పరవడానికి గ్రంథాలయంలో ఒక బల్ల ఉంటే చాలు. బాగా రాలేదని ఏ పేజీనీ చింపకండి. మొదటి పేజీలో ఊరి పేరు, తేదీ తప్పక రాయండి.