పొడిచే ఎద్దు, దాని యజమానుడు



నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దును గూర్చిన ఆజ్ఞ ఒకటి యున్నది. ఎద్దు ఎవనినైనను పొడిచి చంపినయెడల దానిని చంపవలెను, యజమానుడు నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని ముందే అతనికి తెలిపియుండగా అతడు దానిని భద్రము చేయనియెడల, దోషము అతని తలమీదికే వచ్చును. నేడు మన పల్లెలలో ఎద్దులు తగ్గినవి, మోటారు సైకిళ్లు పెరిగినవి. ఆజ్ఞ మాత్రము పాతబడలేదు.

బండికి కాగితములు లేకపోవుట ఒక విధమైన తప్పు. బండి కదలుచుండగా చేయు తప్పు వేరు. అది ఎదుటివాని ప్రాణముతో ముడిపడియున్నది. మితిమీరిన వేగము, ఎఱ్ఱ దీపమును దాటిపోవుట, చేత ఫోను పట్టుకొని తోలుట, త్రాగి తోలుట, మలుపు దూరమని పెద్దరోడ్డుమీద ఎదురు దారిన పోవుట ఇట్టివి. ఈ కడపటిదానిని మనవారు తప్పుగానే యెంచరు. పొలమునకు అర ఫర్లాంగే గదా అందురు! 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2019లో సవరించిన తరువాత, దానిని ప్రమాదకరముగా తోలుటలో చేర్చినది. మొదటిసారికి 6 నెలలు మొదలు ఏడాది వరకు చెర, లేక 1,000 మొదలు 5,000 రూపాయల జరిమానా, లేక రెండును. త్రాగి తోలినవానికి మొదటిసారి 6 నెలల వరకు చెర, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును. పైగా లైసెన్సును కొంతకాలము నిలిపివేయవచ్చును. ఆటో తోలి పిల్లలను పోషించువానికి జరిమానాకంటె ఇదియే పెద్ద దెబ్బ.

ఇక పొడిచే ఎద్దు సంగతి 199-ఏ సెక్షనులో యున్నది. 18 ఏండ్లు నిండని బాలుడు బండి తోలి నేరము చేసినయెడల, తండ్రికి లేక బండి యజమానునికి 3 సంవత్సరముల వరకు చెర, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. మోషే ధర్మశాస్త్రమునందు యజమానునికి ముందుగా ఎవరైన తెలిపియుండవలెను. ఇక్కడ అదియు అక్కరలేదు. తండ్రికి తెలిసియే జరిగినదని కోర్టు ఎంచును. తెలియదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త పడితిననియో అతడే రుజువు చేసికొనవలెను. పదవ తరగతి పాసయినందుకు దేవునికి స్తోత్రము చెల్లించి, అదే దినమున కుమారుని చేత తాళము పెట్టు తండ్రులు మనలో లేకపోలేదు.

రాజులు రెండవ గ్రంథములో కావలివాడు దూరమునుండియే, రథము తోలు వెఱ్ఱి తీరును బట్టి యెహూను గుర్తుపట్టెను. మన వీధులలోను అంతే. శబ్దము వినగానే అది ఎవరి కుఱ్ఱవాడో అరుగుమీది ముసలమ్మ చెప్పగలదు. సంఘమంతటికి తెలిసిన ఆ సంగతి తండ్రితో చెప్పువారు ఎందరు? కోపపడుదురని ఊరకుందుము. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతనిని ప్రక్కకు పిలిచి, నలుగురిలో కాక మెల్లగా, ఆ మాట చెప్పవలెను.