గడువు కూడ కొలతయే

తూకములో తగ్గించినవానిని లోకము దొంగ యనును. గడువులో తగ్గించినవానిని ఏమనవలెను? వర్తకులందరు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

చంద్రపూర్ జిల్లాలోని గోండ్‌పిప్రి తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న తాలూకా కేంద్రము. అటువంటి ఊళ్ళకు కూడ నేడు ఫోను సందేశముల వ్యాపారము వచ్చినది. సరకు కొన్నవానికి బహుమతి పాయింట్లు జమ యగును. గడువు దాటిన రద్దగును. అక్కడి రైతొకడు జనవరి 31వ తేదీన కొన్ని పాయింట్లు పొందెననుకొందము. మొదటి సందేశము ‘ఒక నెల గడువు’ అనును. తరువాతది ‘4 వారములు’ అనును. చివరకు ‘2 దినములు మిగిలినవి’ అని ఒకటి, గంట గడవక ముందే ‘70 గంటలు మిగిలినవి’ అని మరియొకటి వచ్చును. 70 గంటలనగా 2 దినముల మీద 22 గంటలు. ఒక లెక్క భిన్నమును విడిచి 2 అనును. ఇంకొక లెక్క దానిని నిండించి 3 అనును. ఏనాడు బజారునకు రావలెనో రైతునకు తెలియదు. అతడు రాని యెడల పాయింట్ల విలువ దుకాణమునకే మిగులును.

“ఇందులో అబద్ధమేమున్నది? ప్రతి మాటయు లెక్కకు నిలుచును గదా!” అని కొందరందురు. సేరు, కిలో రెండును నిజమైన కొలతలే. అయినను కిలో ధర పుచ్చుకొని సేరు తూచి యిచ్చిన, అది న్యాయమగునా? ఫోను రీచార్జిలలో 28 దినముల పథకములు నెల పథకములవలె వాడుకలోనికి వచ్చెను. ఆ లెక్కను ఏడాదికి 12 మారులు కాదు, 13 మారులు చెల్లింపవలెను. అందుచేతనే 2022 జనవరిలో ట్రాయి సంస్థ, ప్రతి కంపెనీయు 30 దినముల పథకమును, ప్రతి నెల అదే తేదీకి వచ్చు పథకమును కూడ ఉంచవలెనని ఆజ్ఞాపించెను.

పాత వర్తక శాసనము ఈ చిక్కును ముందే విప్పినది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము ప్రకారము నెల గడువు మరునెల అదే తేదీకి ముగియును; ఆ తేదీ లేనిచో నెల చివరి దినమునకు ముగియును. ఆపై 3 దినముల వెసులుబాటు గలదు. అప్పుపత్రమునకున్న ఈ స్పష్టత బహుమతికి ఏల ఉండరాదు?

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో హీనాధిక మానోన్మానము ఒకటి. ఇచ్చునప్పుడు తక్కువ కొలతను, పుచ్చుకొనునప్పుడు ఎక్కువ కొలతను వాడుటయే అది. ఆ దోషము త్రాసుతో ఆగదు. సామాయికమునకు కూర్చున్నవారు 48 నిమిషములకు ముందు లేచి ముహూర్తమైనదని చెప్పరు. ఆసనముపై నిలుపుకొన్న కాలనియమమును అంగడి గద్దెపై సడలించుట తగునా?

చేయవలసినది స్వల్పము. పాయింట్లు ఇచ్చిన దినముననే ‘ఫిబ్రవరి 28, సాయంకాలము 6 గంటల వరకు’ అని వ్రాయవలెను. ప్రతి సందేశములోను ఆ తేదీనే చెప్పవలెను. గంటల లెక్క చూపి తొందరపెట్టరాదు. తొందరలో కొన్నవాడు అక్కరలేనిది కొనును. పొరపాటున ఒకనాడు ఆలస్యమై వచ్చినవానికి పాతకాలపు 3 దినముల వెసులుబాటును చూపినచో వర్తకునికి కలుగు నష్టము కొంచెము. వచ్చినవాడు మరల ఆ అంగడికే వచ్చును.